గేర్‌బాక్స్ పుస్తకానికి గిరాకీ

శనివారం పొద్దున పళ్ళ డాక్టరు వంటింటి గట్టు పక్కన నిలబడి కాఫీ తాగుతున్నాడు. కూర్చుని తాగడానికి భోజనాల బల్ల ఉంది గానీ, దాని మీద ఐదు నెలలుగా నూట పద్నాలుగు ఇనుప ముక్కలు పరిచి ఉన్నాయి. అవన్నీ కలిస్తే మామగారు వాడి వదిలేసిన పాత కారు గేర్‌బాక్స్. డాక్టరు వాటిని ఒక్కొక్కటీ బ్రష్షు పెట్టి, పళ్ళు తోమినంత శ్రద్ధగా తోమాడు. విప్పడం వచ్చినంత సులువుగా బిగించడం మాత్రం రాలేదు.

"రేపు మా అక్కావాళ్ళు భోజనానికొస్తున్నారు. వాళ్ళకీ కంచాలు చేతికిచ్చి నిలబెట్టమంటారా?" అంది భార్య.

"సాయంత్రానికి బల్ల ఖాళీ చేసేస్తాను. ఈ కారు బాగుచేయడానికని కంపెనీవాళ్ళు అప్పట్లో మెకానిక్కులకి ఒక పుస్తకం వేశారు. అది పాత పుస్తకాల షాపులో కనిపించిందని మన కాంపౌండరు చెప్పాడు. మధ్యాహ్నం వెళ్ళి తెస్తాను."

"తేకపోతే ఇవన్నీ గోనెసంచిలో పోస్తాను. ఏది ముందో ఏది వెనకో నాకు తెలీదు, ముందే చెబుతున్నాను."

పుస్తకం నిజంగానే ఉంది. పాత క్యాలెండర్ల కట్ట కింద, అట్టకి గ్రీజు మరకలతో, వెన్నుకి టేపుతో దొరికింది. డాక్టరు తెరిచి చూశాడు. గేర్‌బాక్స్ బొమ్మ నాలుగు మడతలతో చెక్కుచెదరకుండా ఉంది. ప్రతి ముక్కకీ ఒక నంబరు. అంచుల్లో ఎవరో మెకానిక్కు పెన్సిల్‌తో రాసుకున్న సలహాలు.

షాపాయన కొనేవాడి మొహం చూసి ధర చెబుతాడని ఊళ్ళో వాడుక. అందుకని డాక్టరు మొహం చేదుగా పెట్టి, పుస్తకాన్ని ఉన్నచోటే పెట్టేసి, గులాబీల పెంపకం మీద ఒక పుస్తకం తీశాడు.

"అదేదో ఇనుప సామాను పుస్తకమండీ. కావాలంటే యాభై ఇచ్చి తీసుకెళ్ళండి. లేకపోతే తూకానికి వేసేస్తాను" అన్నాడు షాపాయన.

తెలివైనవాడైతే యాభై ఇచ్చి తీసుకునేవాడు. డాక్టరు అంతకన్నా తెలివైనవాడు. ధర చెప్పీ చెప్పగానే కొంటే అనుమానం వస్తుందని, "నాకెందుకండీ" అని గులాబీలు పట్టుకుని బయటపడ్డాడు. వీధి మలుపులో నిలబడి బావమరిదికి ఫోన్ చేశాడు. బావమరిది ఇన్సూరెన్సు అమ్ముతాడు. మాటకారి.

"ఏమీ తెలియనట్టు అడగాలి, సరేనా?"

"అదెంత పని బావా."

బావమరిది షాపుకి వెళ్ళి, "నాకు వీటి గురించి ఏమీ తెలియదు గానీ, గేర్‌బాక్స్ బొమ్మ నాలుగు మడతలుగా ఉన్న పుస్తకం ఏదైనా ఉందా?" అని అడిగాడు. షాపాయన పుస్తకం తీసి, ఆ మడతల్ని మొదటిసారి విప్పి చూసి, రెండొందలన్నాడు. బావమరిది బయటికొచ్చి ఫోన్ చేస్తే, "వెంటనే ఒప్పుకోకు. కాసేపు తిరిగి వెళ్ళు" అన్నాడు డాక్టరు.

ఈలోగా ఇంట్లో గులాబీల పుస్తకం భార్య కంటపడింది. ఆయన్ని ఇక ఏమీ అడగలేదు. చెబితే ఇదీ చెడగొడతాడని, కూరలకని సంచీ పట్టుకుని తనే షాపుకి వెళ్ళింది.

"ఇంకో ఆయన కూడా అడిగి వెళ్ళాడమ్మా" అన్నాడు షాపాయన.

"ఆయన ఎంతిస్తానంటే దాని మీద వంద నేనిస్తాను. నా నంబరు రాసుకోండి. ఆయనకి మాత్రం అమ్మకండి."

బావమరిది తిరిగి వచ్చేసరికి పుస్తకం అద్దాల బీరువాలోకి ఎక్కింది. నాలుగింటికల్లా ధర మూడు వేలు దాటింది. డాక్టరు పెరట్లో నిలబడి, "వెనక్కి తగ్గకు. ఎవడో మూర్ఖుడు పోటీకొస్తున్నాడు" అని ఫోన్‌లో గుసగుసలాడాడు. అదే సమయానికి వంటింట్లో భార్య, "ఎవరండీ ఆ బుద్ధిలేని మనిషి? ఇంకో వంద వేసుకోండి" అని గుసగుసలాడింది.

షాపాయనకి భయం పట్టుకుంది. జీవితంలో ఐదొందలకి మించి ఒక్క పుస్తకం అమ్మి ఎరగడు. "దీని విలువ సరిగ్గా తెలిసినవాళ్ళు ఈ ఊళ్ళో ఎవరైనా ఉన్నారా?" అని బావమరిదినే అడిగాడు.

"మా బావగారు లేరూ! పాత కార్ల గురించి ఆయనకి తెలియంది లేదు" అని నంబరు కూడా ఇచ్చేశాడు బావమరిది. చేసిన పని మెట్లు దిగాక అర్థమైంది. ఎవరికీ చెప్పకపోవడమే మంచిదనుకున్నాడు.

ఫోన్ రాగానే డాక్టరు పరుగున వచ్చాడు. 'ఇది చిత్తుకాగితమండీ' అన్న వాక్యం దారంతా వల్లెవేసుకున్నాడు.

"మీరు గులాబీలాయన కదండీ?" అన్నాడు షాపాయన.

"అవీ ఉన్నాయి" అని డాక్టరు పుస్తకం అందుకున్నాడు. బొమ్మ విప్పాడు. గట్టి పన్ను చూపించి పుచ్చు పన్నని ముప్ఫై ఏళ్ళలో ఒక్క రోగికీ చెప్పలేదు ఆయన. ఆ అలవాటు ఇప్పుడు అడ్డమొచ్చింది.

"చూడండి, మొదటి ముద్రణ. తర్వాత కంపెనీ పంపిన దిద్దుబాటు కాగితాలు కూడా అతికించి ఉన్నాయి. ఈ బొమ్మ ఏ పుస్తకంలోనైనా ముందు చిరిగిపోయేది. పెన్సిల్ రాతలు దాచుకునేవాడికి మచ్చలే, బాగుచేసుకునేవాడికి మాత్రం బంగారం" అంటూ అరగంట చెప్పాడు. చెబుతుండగా ఒక పక్కనుంచి బావమరిది, ఇంకో పక్కనుంచి డబ్బు సంచీతో భార్య లోపలికొచ్చారు. అక్కా తమ్ముడూ ఒకరినొకరు చూసుకున్నారు.

"ఆ బుద్ధిలేని మనిషివి నువ్వా?"

"బావ చెప్పిన మూర్ఖుడు నువ్వేనా అక్కా?"

భార్య మొగుడి వైపు తిరిగింది. "మీరిక్కడేం చేస్తున్నారు?"

"వెల కడుతున్నాను."

"ఎంత కట్టారు?"

"ఐదు వేలు" అన్నాడు డాక్టరు.

షాపాయన పుస్తకాన్ని రెండు చేతులా వెనక్కి తీసుకున్నాడు. "ఇంత మంచిదని తెలిశాక అమ్ముకుంటే నా అంత వెర్రివాడు ఉండడు. నేనే ఉంచుకుంటాను. మీ ఫీజెంతండీ?"

"ఆ బొమ్మని ఫోటో తీసుకోనివ్వండి, చాలు" అంది భార్య.

"ఓస్, దానికేముంది" అని షాపాయన పేజీ విప్పి పట్టుకున్నాడు.

భోజనాల వేళకి గేర్‌బాక్స్ బిగిసింది. ఒక వాషరు మిగిలింది. డాక్టరు కంగారుగా ఫోటో పెద్దది చేసి చూస్తే, అంచులో పెన్సిల్ రాత కనిపించింది: "ఒక వాషరు మిగులుతుంది. వెతక్కు." మర్నాడు వదినగారు బల్ల దగ్గర కూర్చునే భోంచేసింది.

సోమవారం షాపాయన క్లినిక్కుకి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. "అంత విలువైన పుస్తకం ఊరికే బీరువాలో పడుండటం ఎందుకని, దానికో కారు కొన్నానండీ" అని ఫోన్‌లో ఫోటో చూపించాడు.

డాక్టరు ఫోటో పెద్దది చేసి చూశాడు. ఆ కారుకీ ఆ పుస్తకానికీ నాలుగు చక్రాలు తప్ప వేరే చుట్టరికం లేదు. "ఇది వేరే కంపెనీ కారండీ. కొనేముందు నన్నొక్క మాట అడగాల్సింది" అన్నాడు మెల్లగా.

"అడుగుదామనే అనుకున్నానండీ," అన్నాడు షాపాయన, "అడిగితే ధర పెరుగుతుందని ఊరుకున్నాను."