అతిథులు తెలియజేయవలెను

మా సందులోకి తెలియనివారు అడుగుపెట్టలేరని సవినయంగా మనవి. సందు మొదట్లోనే బోర్డుంది: "అతిథులు ఒక రోజులోగా సందు పెద్దకు తెలియజేయవలెను." మా జావా దీవి అంతటా ఉన్న బోర్డే. దాన్ని చదివేది మాత్రం మా సందు పెద్ద పాక్ విర్యోనో ఒక్కరే. ఇక్కడ 'పాక్' అంటే అయ్యగారు, 'బు' అంటే అమ్మగారు.

కంటి ఆపరేషనుకు మా పార్తి పిన్ని వొనొసోబో ఊరి నుంచి వచ్చింది. ఆవిడ టీ చల్లారకముందే ఆయన హాజరు. గుర్తింపు కార్డు నకలు పుచ్చుకున్నారు. ఎవరి తాలూకు, ఎప్పుడు వెళ్తారు, ఏ కన్ను, అన్నీ అడిగారు. ఇంత అప్రమత్తత మరే సందుకుంది?

అటువంటి పాక్ విర్యోనోకు ఫోన్లో దూరియన్ అనే ముళ్ళపండ్ల తోట ఆటంటే ప్రాణం. అసలు ఆటలో తోటమాలి ఊరికే చచ్చిపోతుంటాడు. అందుకని ఎవరో ఎక్కడినుంచో పంపిన, చావే లేని తోటమాలి ఫైలు తెచ్చుకున్నారు. ఇదెవరో తెలియదు, రానివ్వనంది ఫోను.

"ఫోనుకి పిరికితనం ఎక్కువ. సెట్టింగుల్లోకెళ్ళి 'అనుమతించు' నొక్కండి, అదే దారికొస్తుంది!" అని నెలవారీ సభలో మాకు ఉద్బోధించారు. లోపలికొచ్చిన ఆట నంబర్లు, ఫొటోలు, సందేశాలు అడిగింది. అన్నీ ఇచ్చారు. దాని గుర్తింపు కార్డు మాత్రం అడగలేదు.

ఆదివారం పొద్దున్నే ఆయన నంబరు నుంచి అందరికీ సందేశం: "నా దూరియన్ పండింది, బంగారం, వచ్చి కోసుకో." మండలాధికారి ఆవిడకీ అందింది. మసీదు వాళ్ళ అంత్యక్రియల గ్రూపుకీ అందింది. భార్య బు రుక్మి పుట్టింటికి సామాను సర్దేసి గుమ్మంలో కూర్చుంది. "కోసుకోడానికి ఎవతొస్తుందో చూసే వెళ్తా!"

అత్యవసర సభ జరిగింది. "ఇది బయటివాళ్ళ పనే. ఈమధ్య సందులోకి కొత్తగా వచ్చిందెవరు?" అన్నారు పాక్ విర్యోనో. అందరూ పిన్నివైపు తిరిగారు. "నిజం తేలేదాకా ఆవిడ వెళ్ళిపోవాలి."

"ఆపరేషను రేపేనండీ, పాక్!" అన్నాను.

"సందు భద్రత ముందు కన్నెంత, బు? ముందు ఆవిడ ఫోను చూపించమనండి."

పిన్ని రబ్బరు బ్యాండు చుట్టిన మీటల ఫోను తీసింది. "ఇందులో పాము ఆట ఒక్కటే ఉంది నాయనా. ఆ పాము కూడా నేను పిలిస్తేనే వస్తుంది."

సభ ఉదారంగా తీర్మానించింది: పిన్ని ఉండవచ్చు, రోజూ పొద్దున్నే వచ్చి హాజరు వేయించుకోవాలి. బోర్డు మీద అక్షరాలు పెద్దవి చేయించాలి. ఇంతలో పాక్ విర్యోనోకు ఎవరో కొత్త ఫైలు పంపారు: "పాడైన ఫోన్లు శుభ్రం చేయబడును." ఆయన సందు గ్రూపులో పెట్టారు. సందంతా భక్తిగా 'అనుమతించు' నొక్కింది.

ఇప్పుడు కంటికట్టుతో పిన్ని రోజూ పాక్ విర్యోనో దగ్గరికి వెళ్తోంది. ఆయన ఫోన్లోని తోటలోంచి తలెత్తకుండానే "ఎవరు?" అంటారు.

"నిన్నటిదాన్నే నాయనా."

మీరు హాయిగా నవ్వుకోండి. నవ్వడం అయ్యాక, మీ ఫోన్లో టార్చిలైటు మీ వియ్యాలవారి నంబర్లు ఎందుకడిగిందో, మీరెందుకిచ్చారో కాస్త గుర్తు చేసుకోండి.