రెండు చిల్లుల వారసత్వం

మతిమరుపు మీద మానవజాతి చేస్తున్న యుద్ధంలో పోర్ట్ సయీద్ నగరం తిరుగులేని విజయం సాధించిందని సమస్త ప్రజానీకానికి ఇందుమూలంగా తెలియజేయడమైనది. సూయజ్ కాలువ ఒడ్డున మా డిజిటల్ వారసత్వ పరిరక్షణ గ్రంథాలయం ఉన్నంతకాలం ఈ ఊళ్ళో ఏదీ పోదు. పోనిది దొరకడం సంగతి మాత్రం వేరే విభాగం చూసుకుంటుంది (ఆ విభాగం ఇంకా ఏర్పాటు కాలేదు).

నేను ఇక్కడ పంతొమ్మిదేళ్ళుగా రూపాంతర విభాగాధిపతిని. పాత క్యాసెట్లలో ఉన్నదాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి, డిస్కు మీదికి దించడం నా పని. విభాగంలో నేనూ, ఒక టేపురికార్డరూ, ఒక కంప్యూటరూ ఉంటాం. మా ముగ్గురికీ టీగదిలో చోటిచ్చారు. షహాతా బాబాయ్ పొద్దస్తమానం పొయ్యి మీద టీ కాస్తుంటాడు కనుక, సముద్రపు చెమ్మ చేరని గది ఆ భవనం మొత్తానికి అదొక్కటే.

రెండేళ్ళ క్రితం ఒక ఉదయం తఫీదా హగ్గా ఆ గదిలోకి వచ్చింది. డెబ్బై ఆరేళ్ళ మనిషి. హజ్ చేసొచ్చింది కాబట్టి ఊరంతా హగ్గా అనే పిలుస్తుంది. భర్త ఖమీస్ కాలువలో ఆగిన ఓడల దగ్గరికి పడవేసుకుని వెళ్ళి తోలుసంచులూ ఒంటె బొమ్మలూ అమ్మేవాడు. సాయంత్రాలు సిమ్సిమియ్యా అనే వాద్యం తీగలు మీటుతూ సొంతంగా కట్టిన పాటలు పాడేవాడు. ఆయన పోయి పదకొండేళ్ళు. గొంతు మిగిలింది ఒకే ఒక్క క్యాసెట్లో. దాన్ని చేతిరుమాల్లో చుట్టి తెచ్చింది.

"పాట కోసం కాదమ్మాయ్," అంది. "పాటదేముంది, ఎవరైనా కడతారు. మధ్యలో వాయించడం ఆపి నన్ను పిలుస్తాడు. 'ఒసే తఫీదా, చాయ్ ఏదే?' అంటాడు. నాక్కావాల్సింది అదీ. అది కూడా పోతే నాకింకేం మిగల్లేదు."

"పోదు హగ్గా. మా దగ్గర ఏదీ పోదు."

"దేవుడి మీద ఒట్టెయ్."

"సర్కారు తరఫున ఒట్టేసే అధికారం నాకు లేదు. దరఖాస్తు నింపుదాం."

ఏడో నంబరు దరఖాస్తులో అంశం రకం, కాలం, కొలతలు అని గళ్ళున్నాయి. మొగుడి పిలుపుకి గడి లేదు. 'జానపద సంగీతం, ఒకటి' అని రాశాను.

క్యాసెట్ మూడుసార్లు తిప్పాల్సొచ్చింది. మొదటిసారి కంప్యూటర్ మొరాయించింది. రెండోసారి మా డైరెక్టరు ఉస్తాజ్ ముంతసిర్ తలుపు తోసుకొచ్చి "పని ఎలా సాగుతోంది?" అని అడిగారు, అదీ వారసత్వంలో కలిసిపోయింది. మూడోసారి పాట నిక్షేపంలా దిగింది. ఆఖరి తీగ మోగిన మరుక్షణం టేపు మళ్ళీ అతకడానికి వీల్లేనంతగా నలిగి ముక్కలైంది. వెంటనే పాటని డిస్కు మీదికి దించి, పెట్టి విన్నాను. హగ్గాకి ముద్ర వేసిన రసీదిచ్చి, "బంగారంలా ఉంది, దిగులు పడకండి" అన్నాను. ఒకే అంశం రెండుచోట్ల ఉండటం క్రమశిక్షణకు విరుద్ధమని మా నిబంధన. అందువల్ల కంప్యూటర్లో ఉన్నదాన్ని ఆ ఆదివారమే చెరిపేశాను. నకలు కావాలంటే, పరిరక్షణ పూర్తయ్యాకే ఇస్తారు.

ఇక్కడ ఒక మాట గురించి చెప్పాలి. దరఖాస్తుతో పాటు డిస్కు డైరెక్టరు గారి బల్ల మీదికి వెళ్ళింది. ఆయన ఆకుపచ్చ సిరాతో ఒకే ఒక్క మాట రాశారు: 'యుహ్ఫజ్'. భద్రపరచవలెను, అని. మాటలో తప్పేమీ లేదు. కాకపోతే మా తాతల కాలం నుంచీ ఈ దేశపు కచేరీల్లో కాగితం మీద ఆ మాట పడిందంటే అర్థం వేరు. దీని జోలికి ఇక పోవద్దు, కట్టి అటకెక్కించండి, అని. ఫైళ్ళ విభాగంలో మేడం ఇన్షిరాహ్ ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ మాట చూసి, ఎన్నో వేల ఫిర్యాదుల్ని అలాగే భద్రపరిచింది (వాటిలో ఒక్కటి కూడా ఇంతవరకు తిరిగి లేచింది లేదు). ఫైల్లో చేరిన ప్రతిదానికీ రెండు చిల్లులు పెట్టి ట్యాగు దూర్చి ముడి వేయాలన్నది నిబంధన. అంతా నిబంధన ప్రకారమే జరిగింది.

ఆ తర్వాత హగ్గా నెలకోసారి నకలు కోసం వచ్చేది. ఫైళ్ళ విభాగం నుంచి ప్రతిసారీ ఒకటే జవాబు: "భద్రంగా ఉంది." నేను అదే ఆవిడకి చెప్పేదాన్ని. ఒక్కసారైనా ఫైలు తెరిచి చూడాలని నాకు తట్టలేదు. నా బుద్ధికి అప్పుడే తెగులు పట్టిందనుకోండి.

ఈ ఏడాది వసంతంలో పైనుంచి ఉత్తర్వు వచ్చింది. గ్రంథాలయాలు డిజిటల్ వారసత్వాన్ని ఎంత గొప్పగా కాపాడుతున్నాయో ప్రజలకు తెలియజెప్పే వారోత్సవం జరపాలట. 'గ్రంథాలయం మరచిపోదు' అని గుమ్మానికి పెద్ద గుడ్డ కట్టాం. భద్రపరిచిన వాటిలో ఒకటి సభలో వినిపించాలని కూడా ఉత్తర్వులో ఉంది. మా సేకరణలో అంశాలు పద్నాలుగు. పదమూడు డైరెక్టరు గారి ప్రసంగాలు. పద్నాలుగోది ఖమీస్ పాట.

తఫీదా హగ్గా కొత్త తలగుడ్డ చుట్టుకుని మూడో వరసలో కూర్చుంది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళని వెంట తెచ్చుకుంది. డైరెక్టరు గారు గ్రంథాలయాల విలువ గురించి నలభై నిమిషాలు మాట్లాడి (అది పదిహేనో అంశం), నావైపు చెయ్యి ఊపారు. నేను ఫైలు ముడి విప్పాను. డిస్కు అంచున పక్కపక్కనే రెండు గుండ్రటి చిల్లులు.

మైకు కట్టేయాలని ఎవరికీ తోచలేదు.

"ఏంటి మేడం ఇన్షిరాహ్, ఇది? దీనికి చిల్లులెవరు పెట్టారు?"

"మీరే కదా సార్ రాశారు, యుహ్ఫజ్ అని."

"భద్రపరచమన్నాను!"

"భద్రపరిచాను సార్. ముడి చూడండి. రెండేళ్ళలో ఇసుమంతైనా కదిలిందా?"

"డిస్కుకి చిల్లు పెడితే మోగుతుందా, మీకసలు..."

"నడిమధ్యన ముందే ఒకటుంది సార్. దానికి లేని అభ్యంతరం నా వాటికెందుకు?"

మూడో వరసలోంచి హగ్గా లేచి నిలబడింది. డైరెక్టరు గారి వైపు చూడలేదు, నావైపే చూసింది.

"అమ్మాయ్, బంగారంలా ఉందన్నావే."

సిగ్గుతో చచ్చిపోయాను. పంతొమ్మిదేళ్ళలో నా ఉద్యోగం గురించి నన్ను నేరుగా అడిగింది ఆవిడొక్కతే.

ఆ సమయానికి షహాతా బాబాయ్ టీ గ్లాసుల పళ్ళెంతో వరసల మధ్య తిరుగుతున్నాడు. పళ్ళెం వేదిక అంచున పెట్టి, చేతులు తుడుచుకున్నాడు.

"యుహ్ఫజ్ అంటే చిన్నప్పుడు మాకు బళ్ళో వేరే చెప్పారు సార్," అన్నాడు. "కంఠతా పట్టమని. తప్పు పోతే బెత్తంతో కొట్టేవారు."

ఆ పాట మూడుసార్లు తిరిగినప్పుడు పొయ్యి దగ్గర ఉన్నది ఆయనే. అప్పట్నుంచి రెండేళ్ళుగా కూనిరాగం తీస్తూనే ఉన్నాడు. కార్యాలయ ఆవరణలో అనుమతి లేని ధ్వనులు చేస్తున్నందుకు ఆయనకు రెండు మెమోలు కూడా వెళ్ళాయి (అవి మాత్రం ఫైల్లో చక్కగా ఉన్నాయి).

పాడాడు. గొంతు బొంగురు, శ్రుతి అంతంతమాత్రం. అయినా ఓడలూ, కెరటాలూ, బేరం తెగని గ్రీకు నావికుడూ, ఒక్కటీ వదలకుండా పాడుకొచ్చాడు. సగంలో ఠక్కున ఆపాడు. మరిచిపోయాడేమో అనుకున్నాను.

"ఒసే తఫీదా, చాయ్ ఏదే?"

"వస్తున్నా, వస్తున్నా! నాకున్నవీ రెండు చేతులే!"

ఆ మాట అన్నది హగ్గా. అనాలని అనలేదు, అలవాటుగా వచ్చేసింది. అప్పటికే సగం అడుగు కూడా వేసింది. సభంతా గొల్లున నవ్వింది. అంతలోనే నవ్వు తగ్గింది. ఆవిడ తలగుడ్డ కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకుని కూర్చుండిపోయింది. నేనూ ఏడ్చాను. ప్రసంగం పొడుగవడం వల్ల కళ్ళు మండాయని అడిగినవాళ్ళకి చెప్పాను.

"అంత చిన్న ముక్క ఎలా గుర్తుపెట్టుకున్నావు బాబాయ్?" అని తర్వాత అడిగాను.

"బాగుంది! పాటలో నాకు అర్థమైంది అదొక్కటేగా. ముప్పై ఏళ్ళుగా నన్ను అందరూ అడిగేదీ అదే."

జరిగిన నష్టాన్ని సరిదిద్దడంలో గ్రంథాలయం ఎంత చురుగ్గా కదిలిందో చెప్పకపోతే అన్యాయం. వారం తిరక్కుండా నిపుణుల సంఘం కూర్చుంది. షహాతా బాబాయ్ చేత పాట మళ్ళీ రికార్డు చేయించారు. 'చాయ్ ఏదే' అన్నది పాటలో భాగం కాదు, గృహ సంబంధమైన సంభాషణ, తొలగించవలెను, అని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది.

"పాట ఎలా పోయినా పర్లేదు సార్, ఆవిడడిగింది ఆ ముక్కే," అన్నాడు బాబాయ్.

"నువ్వు టీ సంగతి చూసుకో."

కొత్త డిస్కుకి మూడు నకళ్ళు తీసి మూడు నగరాల్లో పెట్టారు. ఒక్కదానికీ అదనపు చిల్లు లేదు. నాలుగోది పూలదండతో సహా హగ్గాకి బహూకరించారు. మర్నాడు పొద్దున్నే తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"ఇదెవరిదో పాటమ్మా. మా ఇంటిది కాదు."

బాబాయ్ చేత ఆ ముక్కతో సహా పాడించి నా ఫోన్లో ఎక్కిస్తానన్నాను. ఆవిడ రెండు చేతులూ జోడించింది. "వద్దు తల్లీ. మీరు మళ్ళీ భద్రపరుస్తారు."

అప్పట్నుంచి ప్రతి గురువారం టీగదికి వస్తుంది. బాబాయ్ పొయ్యి దగ్గర స్టూలు మీద కూర్చుని, మెమో రానంత చిన్నగా పాడతాడు. ఆ చోటుకి రాగానే ఆగి అడుగుతాడు. ఆవిడ వస్తున్నా వస్తున్నా అంటూ లేచి, తనే టీ పెట్టి ముగ్గురికీ పోస్తుంది. ఆ టీ ముందు తన టీ దండగ అని బాబాయే ఒప్పుకున్నాడు. నేను సందర్శకుల పుస్తకంలో 'డిజిటల్ సేకరణ వినియోగించుకున్నవారు: ఒకరు' అని రాస్తాను. గత ఏడాది ఆ గడిలో సున్నా. కనుక మా ప్రగతి శాతాల్లో చెప్పలేనంతగా ఉందని డైరెక్టరు గారు వార్షిక నివేదికలో పేర్కొన్నారు.

నివేదిక చదివి పైవాళ్ళు చాలా సంతోషించారు. ఈ నెల ముప్పయ్యో తేదీన షహాతా బాబాయ్ రిటైరవుతున్నాడు. ఆయన స్థానంలో గ్రంథాలయానికి ఒక కరెంటు కెటిల్ మంజూరైంది.