మరమ్మతు మౌనం

ఒక పెద్ద అడవిలో, అడవి పెద్దది కాబట్టి, ఒక పెద్ద సభ కూడా ఉండేది. సభకు పెద్ద జుంటయ్య అనే ఎలుగుబంటి. తేనెపట్టు దొరికిన రోజు తప్ప మిగతావన్నీ ఆయనకు సభ రోజులే.

ఆ అడవికి ఎగువన, వాగుకు అడ్డంగా ఒక మట్టిగట్టు. దాని కాపలా నాంచారమ్మ అనే తీతువు పిట్టది. నీళ్లు హద్దు దాటినా, గట్టు ఎక్కడ చెమర్చినా ఆమె కూయాలి. కూత వినగానే అందరూ పిల్లాజెల్లాతో దిబ్బ ఎక్కాలి. తీతువు కూత అపశకునమని అడవిలో అందరికీ గట్టి నమ్మకమే. ఆ అపశకునం పుణ్యమా అనే చాలా వానాకాలాలు బతికి బయటపడ్డారు.

ఒక ఏడు గట్టుకు మరమ్మతు మొదలైంది. మట్టిపని కదా అని అడవిపందులకు అప్పగించారు. వాటికి తవ్వడం వచ్చు. పూడ్చడం వచ్చా అని ఎవరూ అడగలేదు. అవి ఒకచోట మూతి పెడితే మరోచోట నీళ్లు చిమ్మేవి. చిమ్మినప్పుడల్లా నాంచారమ్మ కూసేది. కూసినప్పుడల్లా అడవంతా దిబ్బెక్కేది. ఎక్కి చూస్తే ఏముంది, ఒక పంది పక్కకి ఒత్తిగిలి ఉండేది. దుప్పుల మోకాళ్లు అరిగిపోయాయి. కుందేళ్లయితే ఇక దిబ్బ మీదే కాపురం పెడతామన్నాయి.

చివరికి సభ ఉత్తర్వు వేసింది. మరమ్మతు జరిగినన్నాళ్లూ కూత ఉండదు. ఒకవేళ వినబడినా అది మరమ్మతు చప్పుడే గాని కూత కాదు, ఎవరూ కదలనక్కర్లేదు. దీనికి మరమ్మతు మౌనం అని పేరు పెట్టారు.

నిజం చెప్పాలంటే నాంచారమ్మకూ అది సబబే అనిపించింది. అప్పటికే గొంతు బొంగురుపోయింది. పైగా గట్టు దిగువన, గులకరాళ్ల మధ్య గుడ్లు పెట్టుకుని ఉంది. పొదగడానికి తీరిక దొరికింది.

ఉత్తర్వు అమలు పట్టాభి అనే ఉడుము చేతిలో పెట్టారు. ఉడుంపట్టు సంగతి తెలిసిందేగా. గోడైనా, ఉత్తర్వైనా, పట్టాభి పట్టుకున్నది వదలడు.

మౌనం అందరికీ తెగ నచ్చింది. మధ్యాహ్నాలు కంటినిండా నిద్రలు. పొరుగు అడవి నుంచి వచ్చిన చుట్టాలు, మీ దగ్గర ఆపద అన్న మాటే వినబడదే అని మెచ్చుకుని వెళ్లారు. జుంటయ్య ఆ మాటను సభలో పదే పదే చెప్పించుకున్నాడు. పందులు పని ముగించుకుని బురదలోకి వెళ్లిపోయాయి. మౌనం మాత్రం ఎక్కడికీ వెళ్లలేదు.

వానలు పట్టి, కాస్త ఎండ కాసిన పూట నాంచారమ్మ పొట్టకు తడి తగిలింది. గుడ్ల కింద గులకరాళ్లు చెమరుస్తున్నాయి. గట్టు మీదికి ఎగిరి చూస్తే, పట్టాభి ఒక బండ మీద ఒళ్లు ఆరబెట్టుకుంటున్నాడు.

“పని అయిపోయిందిగా బాబాయ్, ఆ మౌనం ఎత్తెయ్యరాదూ?”

“ఎక్కడయిందే అమ్మాయ్? ఇంకో రాయి పెట్టాలి.”

“ఏదీ ఆ రాయి?”

“దాని మీదేగా కూర్చున్నాను.”

“మరి నువ్వు లేస్తే పెట్టేస్తారుగా.”

“పెట్టేస్తే మరమ్మతు అయిపోతుంది. అయిపోతే నువ్వు కూస్తావు. కూస్తే గట్టు బాగాలేదని అడవంతటికీ తెలుస్తుంది. మరమ్మతు చేసిన గట్టు బాగాలేదంటే ఎంత అప్రతిష్ట?”

నాంచారమ్మ జుంటయ్య గుహకు పరుగెత్తింది. గట్టు అడుగున ఊట పుట్టిందని, తన గుడ్లు అక్కడే ఉన్నాయని, ఒక్క కూతకు సెలవిమ్మని బతిమాలింది. ఆయన అరచెయ్యి నాక్కుంటూ శాంతంగానే విన్నాడు.

“చూడు నాంచారమ్మా, నువ్వు కూయనన్నాళ్లూ గట్టుకేమన్నా అయిందా? నువ్వు కూసిన రోజుల్లోనేగా నీళ్లు కారింది?”

నాంచారమ్మ తిరిగి వచ్చేసరికి నీళ్లు గుడ్లను తాకుతున్నాయి. ముక్కుతో దొర్లించబోతే జారిపోయాయి. ఇక ఉత్తర్వూ లేదు, పట్టాభీ లేడు. పైకెగిరి, గొంతు చిరిగేలా అడవి మీదంతా తిరుగుతూ కూసింది.

పొదలో దుప్పి పిల్ల చెవి నిక్కించింది. తల్లి దాన్ని జోకొట్టింది. “మరమ్మతులే, పడుకో.” పాపం వాళ్లు ఎంత కష్టపడి పనిచేస్తున్నారోనని కుందేళ్లు జాలిపడ్డాయి. జుంటయ్య తన ఉత్తర్వును తానే పాటించి అటు తిరిగి పడుకున్నాడు.

గట్టు తెగింది.

దిబ్బ ఎక్కగలిగినవాళ్లు ఎక్కారు. ఎక్కలేనివాళ్ల సంగతి సభ మరోసారి చర్చిద్దామనుకుంది. గుడ్లు వాగుతోపాటే పోయాయి. గట్టు జారినప్పుడు పట్టాభి రాయిని వదల్లేదు. నీళ్లు తీశాక చూస్తే, రాయీ పట్టాభీ కలిసి సరిగ్గా గండిలో ఇరుక్కుని ఉన్నారు.

జుంటయ్య దిబ్బ మీదే సభ తీర్చి, ఆఖరి రాయి పడింది గనక మరమ్మతు పూర్తయిందని ప్రకటించాడు. నాంచారమ్మను ముందుకు పిలిచి మర్యాదగా చెప్పాడు.

“ఇక నువ్వు హాయిగా కూసుకోవచ్చమ్మా.”

నాంచారమ్మ దిబ్బ దిగి, గుడ్లున్న చోటికి వెళ్లి నిలబడింది. అక్కడ ఇసుక మేట తప్ప ఏమీ లేదు. చాలాసేపు అటూ ఇటూ చూసింది. తర్వాత కూసింది.

దిబ్బ మీద ఒక ముసలి దుప్పికి ఒళ్లు జలదరించింది. “పాడు పిట్ట. ఏం కీడు తేబోతోందో.”

నీతి: కూతకు మంచి ముహూర్తం, కూసినా లాభం లేనప్పుడే కుదురుతుంది.