ఆకాశంలో వాటాలు

ఒక పెద్ద అడవిలో జంతువులకు తాగడానికి ఒకే ఒక్క మడుగు ఉండేది గానీ, అంతరిక్షంలో మాత్రం గొప్ప టెలిస్కోపు ఉండేది. ఒక్క ఫొటోలో ఆకాశంలో బోలెడంత మేర పట్టేసే రకం. దాంతో జరిగే ఆకాశ సర్వేకి డైరెక్టరు నక్క.

మొదటి ఫొటో రాగానే నక్క మీటింగు పెట్టింది.

"ఇంత పెద్ద ఫొటో అందరికీ చూపిస్తే మన పరువేం కాను? హోదాను బట్టి కోసి పంచుదాం. రేపటి నుంచి వచ్చే ఫొటోలూ అంతే. ఎవరి ముక్క వాళ్ళదే. ఏడాదిదాకా పక్కవాళ్ళకి చూపించకూడదు."

రంగురంగుల ధూళి మేఘాలున్న ముక్క నెమలికి, గెలాక్సీల గుంపు ఎలుగుబంటికి దక్కాయి. కొత్తగా చేరిన దేవాంగపిల్లికి ఏమీ లేని నల్లటి మూల మిగిలింది.

పాపం, అది ఆ మూలనే కళ్ళింత చేసుకుని రోజూ చూసింది. ఓరోజు అందులో సన్నటి గీత కనిపించింది. మర్నాటికి ఆ గీత అంచు దాటి నెమలి వాటాలోకి పోయింది. కదిలేది నక్షత్రం కాదు, రాయి. అడవి మీదికే వస్తోందేమోనని దేవాంగపిల్లికి అనుమానం వచ్చింది. పక్క ముక్కలు చూస్తే గానీ ఎక్కడ పడుతుందో తేలదు.

"నెమలమ్మా, నీ ముక్కలో గీతేమైనా కనిపించిందా?"

"ఆఁ, అందం చెడగొడుతోందని తుడిపించేశా. పత్రిక ముఖచిత్రానికి పంపాలి కదా!"

ఎలుగుబంటిని అడిగితే తల కూడా ఎత్తలేదు. "మా దాంట్లోకీ వచ్చిందిలే. మాది గెలాక్సీల సెక్షను. గీతలు మా పరిధి కాదు."

దేవాంగపిల్లి నక్క దగ్గరికి పరుగెత్తింది. "అయ్యా, రాయి వస్తోందండీ! ఒక్కసారి ముక్కలన్నీ కలిపి చూడనివ్వండి. పడేచోటు తెలిస్తే అందరికీ చెబుదాం."

"కలపాలంటే ఉపసంఘం వెయ్యాలి. ఏడాది పోయాక దరఖాస్తు పెట్టుకో. అయినా మూల ముక్కదానివి, అడవంతటి గొడవ నీకెందుకమ్మా?"

వారం తిరక్కుండానే రాయి వచ్చి సరిగ్గా మడుగులో పడింది. అదృష్టం బాగుండి అప్పుడక్కడ ఎవరూ లేరు. నీళ్ళు మాత్రం ఒక్క చుక్క మిగల్లేదు.

నాలుకలు పిడచకట్టిన జంతువులన్నీ గట్టున చేరాయి. నక్క గొంతు సవరించుకుంది. "ఇది మన సర్వే తొలి ఆవిష్కరణ! ఈ గోతికి మన సింహం మహారాజుగారి పేరు పెడుతున్నాం."

అందరూ చప్పట్లు కొట్టారు. సర్వే రహస్యాన్ని ముందే నోరుజారి చెప్పినందుకు దేవాంగపిల్లికి మెమో ఇచ్చారు.

నీతి: ఆకాశాన్ని ఎన్ని వాటాలేసినా, గొయ్యి మాత్రం ఉమ్మడి ఆస్తే.