క్రీమ్ కలర్ ఆదివారం

చిన్నపిల్లలున్న ప్రతి కుటుంబమూ ఏడాదికి ఒక్కసారైనా ఆరుబయట నిలబడి ఫ్యామిలీ ఫోటో దిగి తీరాలని ప్రభుత్వం వెంటనే ఒక చట్టం చేయాలి! దిగని తల్లిదండ్రులకు రేషన్ కార్డు ఆపేయాలి. మొండికేసే పిల్లల్ని మాత్రం ఏమీ అనక్కర్లేదు, వాళ్ల సంగతి ఫోటోగ్రాఫరే చూసుకుంటాడు.

నవ్వుతున్నారా? నవ్వండి. కానీ అటు కాదు, కెమెరా వైపు చూసి నవ్వండి.

పూర్వం ఫోటో అంటే ఏముండేది? స్టూడియోలో ఒక కుర్చీ, వెనక ఒక తెర, తెర మీద ఏ జిల్లాలోనూ కనిపించని సరస్సు. తండ్రి కుర్చీలో, తల్లి పక్కన, పిల్లలు ముందు. అందరూ పోలీసులు పిలిపించినట్టు బిగుసుకుపోయేవారు. క్లిక్‌మనగానే లేచి ఇంటికి పోయి ఎవరి పని వాళ్లు చూసుకునేవారు. పావుగంటలో అయిపోయేది! పావుగంటలో అయిపోయే పనికి విలువేముంటుంది చెప్పండి?

ఇప్పుడలా కాదు. మధ్యాహ్నం మొదలుపెడితే వెలుతురు పోయేదాకా సాగుతుంది. దీన్ని అవుట్‌డోర్ అంటారు. ఇంకాస్త తెలిసినవాళ్లు క్యాండిడ్ అంటారు. క్యాండిడ్ అంటే, ఫోటో తీయించుకుంటున్నామన్న సంగతి మనకే తెలియనట్టు, గంటల తరబడి, చెప్పిన చోట చెప్పినట్టు నిలబడటం. ఈ మహోపకారం ఎంతటిదో తెలియాలంటే నాచారం పీటర్ కథ వినాలి.

పీటర్‌ది నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో సీసా మూతలు తయారుచేసే కంపెనీలో ఉద్యోగం. ఎప్పుడూ నైట్ షిఫ్టే. తెల్లారి ఇంటికొచ్చి పడుకుంటే పొద్దు వాలాక లేస్తాడు. లేచి, తిని, మళ్లీ పోతాడు. ఉండేది రెండు గదుల పోర్షన్. కాబట్టి పిల్లలు పగలంతా నోరు మూసుకుని ఆడుకోవాలి. ఐదేళ్ల హెన్రీకి ఈ విద్య బాగా పట్టుబడింది. బొమ్మ బస్సును చప్పుడు లేకుండా నడుపుతాడు. హారన్ కొట్టాల్సి వస్తే నోరు తెరిచి గాలి మాత్రం వదులుతాడు. రెండేళ్ల నిస్సీకి ఇంకా అంత చదువు రాలేదు. అది కేక పెట్టినప్పుడల్లా అన్నయ్యే పోయి నోటికి చెయ్యి అడ్డం పెడతాడు. "డాడీ పండుకున్నడు" అన్నది ఆ ఇంట్లో పిల్లలకు అమ్మ మొట్టమొదట నేర్పిన వాక్యం.

తండ్రి మేలుకుని కనిపించేది ఆదివారం ఒక్కరోజు. అందులోనూ పొద్దున చర్చి. మిగిలేది మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా. ఆ డిసెంబరులో పీటర్ కొడుక్కి ఒక మాట ఇచ్చాడు.

"ఈ ఆదివారం ఉప్పల్ పార్కుకు పోదాం బిడ్డా. బాల్ తీస్కపోదాం. నువ్వు సాలు అనేదాంక ఆడుదాం."

హెన్రీ ఆ వారమంతా తన ఎర్ర ప్లాస్టిక్ బంతిని పక్కలో పెట్టుకుని పడుకున్నాడు. పొద్దున లేవగానే ఆదివారం వచ్చిందా అని తల్లిని అడిగాడు, గుసగుసగానే.

ఇక్కడే తల్లి విక్టోరియాకు గొప్ప ఆలోచన వచ్చింది. వాళ్ల చర్చిలో ఒక పద్ధతి ఉంది. కొత్త సంవత్సరానికి స్తోమత ఉన్న కుటుంబం ఒకటి తమ ఫోటోతో, కింద ఒక బైబిల్ వాక్యంతో క్యాలెండర్ వేయించి ఇంటింటికీ పంచుతుంది. కిందటేడు అరుణకుమారి అనే సిస్టర్ పంచింది. దాంతో గ్యాస్ ఎప్పుడు బుక్ చేశామో చూడాలన్నా, పాలవాడు ఎన్నడు రాలేదో చూడాలన్నా, ఏడాది పొడుగునా అరుణకుమారి కుటుంబం గోడ మీది నుంచి నవ్వుతూ ఎదురయ్యేది. ఎవరికైనా ఎన్ని నెలలని ఓపిక ఉంటుంది?

"పార్కుకు ఎట్లాగు పోతున్నం గద. ఫోటోగ్రాఫర్ను గూడ గక్కడికే రమ్మందం. ఒక్క పారే రెండు పనులైతయ్" అంది విక్టోరియా. పీటర్‌కు కూడా బాగానే తోచింది. పిల్లలెట్లాగూ ఆడుకుంటారు, వాళ్లాడుతుంటే ఆయన తీసుకుంటాడు, అంతే కదా అనుకున్నాడు పాపం.

నలుగురికీ ఒకే తానులోంచి బట్టలు కుట్టించింది. క్రీమ్ కలర్. క్రీమ్ కలరే ఎందుకంటారా? ఇసుక రేణువు పడినా కనిపించేది ఆ రంగు మీదే. పార్కుకు పోయే పిల్లలకు అంతకంటే తగిన రంగు ఇంకేముంటుంది!

ఆదివారం వచ్చింది. చర్చిలో ఆరాధన అయ్యేదాకా పిల్లలు కదలకుండా కూర్చున్నారు, కదిలితే బట్టలు నలుగుతాయి కనుక. షేర్ ఆటోలో సీటు మీద పాత పేపర్ పరిచి కూర్చోబెట్టింది విక్టోరియా. ఉప్పల్ రోడ్డు మధ్యలో మెట్రో స్తంభాలకు తవ్విన దుమ్ము ఎగిరి వస్తుంటే కొంగు అడ్డం పెట్టింది, తన మొహానికి కాదు, హెన్రీ చొక్కాకు.

పీటర్ రాత్రి షిఫ్ట్ దిగి, స్నానం చేసి, నేరుగా చర్చికి వచ్చినవాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. అయినా పార్కు గేటు కనబడగానే కొడుకు చెయ్యి పట్టుకుని వాడికంటే ముందు పరుగు తీయబోయాడు.

"ఉరకకున్రి! చెమట వడ్తది" అంది విక్టోరియా. ఇద్దరూ ఆగిపోయారు.

గేటు లోపల ఫోటోగ్రాఫర్ బసవరాజు సిద్ధంగా ఉన్నాడు. మెడలో రెండు కెమెరాలు, ఒంటి మీద జేబులే జేబులున్న కోటు. అతను ముందుగా చూసింది మనుషుల్ని కాదు, హెన్రీ చేతిలోని బంతిని.

"గీ రెడ్ బాల్ వద్దన్నా. క్రీమ్ పక్కకు అస్సలు మ్యాచ్ గాదు. నా దగ్గర లైట్ కలర్‌ది ఉంది, గది వెడ్దం" అని ఎర్ర బంతిని తీసుకుని తన సంచిలో వేసి జిప్ లాగాడు.

ఎంత శ్రద్ధ! మన పిల్లవాడు ఏ రంగు బంతితో ఆడాలో కన్న తల్లిదండ్రులం, మనం ఏనాడైనా ఆలోచించామా?

అవుట్‌డోర్ అంటే ప్రకృతి. ప్రకృతి అంటే కరెంటు తీగలూ, చెత్త కుండీ, గోడ మీద కోచింగ్ సెంటర్ ఫోన్ నంబరూ ఫ్రేములో పడని చోటు. ఆ పార్కు మొత్తానికీ అలాంటి చోటు ఒక్కటే ఉంది, ఒక కాగితంపూల పొద. దాని ముందు అప్పటికే రెండు కుటుంబాలు వరసలో నిలబడ్డాయి. ఒక కుటుంబం చంటిపాపకు అట్టరెక్కలు కట్టి దేవదూతను చేసింది. దేవదూత ఎండకు గుక్కపట్టి ఏడుస్తోంది. బస్సెక్కడానికి ఏనాడూ వరసలో నిలబడని జనం ఒక పొద కోసం నిలబడ్డారు! మనవాళ్లకు ప్రకృతి మీద ప్రేమ లేదని ఇంకెవరైనా అనగలరా?

వంతు రాగానే బసవరాజు ఆలుమగల అన్యోన్యతతో మొదలుపెట్టాడు.

"అన్నా, వదిన దిక్కు జరుగు. ఇంకా. ఇంకా జర. ఆఁ, ఇప్పుడు ఒకల కండ్లల్ల ఒకలు సూస్కోన్రి."

పెళ్లయిన నాటి నుంచీ ఇంత పట్టుబట్టి వాళ్లను ఎవరూ ఇలా చూసుకోమనలేదు. ఆయన లేచే వేళకు ఆమె వంట, ఆమె పడుకునే వేళకు ఆయన షిఫ్ట్. విక్టోరియా మొగుడి కళ్లలోకి చూసింది.

"ఏందయ్య, నీ కండ్లు గింత ఎర్రగున్నయ్?"

"రాత్రంత మెలకువనే గద."

"జర కునుకు తీస్తె అయిపోవు గదా, ఇంటికాడ..."

"మాట్లాడకున్రి వదినా! మూమెంట్ పోతది!" అని అరిచాడు బసవరాజు.

విక్టోరియా మళ్లీ నవ్వు తగిలించుకుంది. ఒక భార్య భర్త నిద్ర గురించి అడిగిన ఆ కాస్త మూమెంట్ పోయింది. బసవరాజుకు కావలసిన మూమెంట్ మాత్రం మూడు కోణాల నుంచి దొరికింది.

తర్వాత నిస్సీ. బసవరాజు పిల్లిలా అరిచాడు, కుక్కలా మొరిగాడు, సెల్‌ఫోన్‌లో పాట పెట్టి తల మీద ఊపాడు. వెనక వరసలో ఉన్నవాళ్లు కూడా తమ వంతు తొందరగా రావాలన్న ఆశతో చప్పట్లు కొట్టారు. "నిస్సీ, గిటు సూడు!" అని అన్ని దిక్కుల నుంచీ కేకలే. ఎటు చూడాలో తెలియక పాప నేల వైపు చూసింది. అక్కడ చీమలు పోతున్నాయి. చీమల్ని చూసి కిలకిలా నవ్వింది.

"పాప గదుమ పైకి లేపున్రి" అన్నాడు బసవరాజు. లేపారు. నవ్వు ఆగిపోయింది.

పొదకు అవతల కొందరు పిల్లలు బనియన్లతో బంతాట ఆడుతున్నారు. దుమ్ములో దొర్లుతున్నారు, కొట్టుకుంటున్నారు, అరుస్తున్నారు. ఒక్కడికీ ఒక్క ఫోటో కూడా లేదు. వాళ్లను కన్నవాళ్లకు ఎంత నిర్లక్ష్యమో! హెన్రీ తల అటే తిరిగిపోతుంటే విక్టోరియా పదేపదే గడ్డం పట్టి ఇటు తిప్పింది.

"డాడీ, మనం ఎప్పుడు ఆడుదాం?"

"గిదైపోనీ బిడ్డా."

ఎట్టకేలకు బసవరాజు సంచిలోంచి లేత నీలం బంతి బయటికి తీశాడు. హెన్రీ మొహం విప్పారింది.

"బాబూ, కాలు గిట్ల బాల్ మీద వెట్టు. తన్నకు! తన్నినట్టు వెట్టు, గంతే. అన్నా, నువ్వు గక్కడ వంగి చేతులు సాపు. పట్టుకుంటున్నట్టు నవ్వు. కదలకున్రి!"

గమనించారా? ఆటలో ఉన్న బాధలన్నీ తీసిపారేసి ఆటను మాత్రం ఉంచాడు. పడటం లేదు, ఓడటం లేదు, అలసట లేదు, బంతి పోతుందన్న బెంగ లేదు. ఇన్ని కమిటీలు వేసుకుని బాలల వికాసం గురించి తలలు పగలగొట్టుకుంటున్నారే, ఏ పెద్దమనిషికైనా తట్టిందా ఈ ఆలోచన?

హెన్రీ కాలు పెట్టి నిలబడ్డాడు. మబ్బు అడ్డం వచ్చిందని బసవరాజు ఆగమన్నాడు. మబ్బు పోయాక లెన్స్ మార్చాలన్నాడు. వాడి కాలు వణికింది. చేతులు చాపిన తండ్రి ఎదురుగానే ఉన్నాడు, బంతి కాలి కిందే ఉంది. ఐదేళ్ల ప్రాణం ఎంతసేపని ఆగుతుంది? తన్నాడు.

బంతి పీటర్ పక్క నుంచి దూసుకుపోయి, నీళ్ల పైపు కారి బురదైన చోట పడింది. పీటర్ దాని వెంట పరుగెత్తాడు. జారాడు, నిలదొక్కుకున్నాడు, తిరిగి కొడుకు వైపు తన్నాడు. హెన్రీ కేక పెట్టాడు. అది మామూలు కేక కాదు, ఇంట్లో ఇన్నాళ్లుగా మింగిన కేకలన్నీ కలిపి ఒక్కసారే పెట్టాడు. పరుగెత్తుకొచ్చి తండ్రి మీదికి దూకాడు. ఇద్దరూ బురదలో కూలబడ్డారు. పీటర్ పగలబడి నవ్వాడు. నిద్ర లేని కళ్లలోంచి నీళ్లు కారేలా నవ్వాడు.

"అన్నా, అన్నా! ఫ్రేముల లేరు మీరు!"

"అయ్యో నా బట్టలు! వాడంటె పోరడు, నీకేమైందయ్య? ఇగ క్యాలెండర్ ఎట్ల?" విక్టోరియాకు ఏడుపొక్కటే తక్కువ. వరసలో ఉన్నవాళ్లంతా చూస్తున్నారు.

పీటర్ నవ్వు ఆగింది. తన చొక్కా చూసుకున్నాడు, భార్య మొహం చూశాడు, జనాన్ని చూశాడు. ఆ తర్వాత కొడుకు వీపు మీద ఒక్కటి వేశాడు.

"తన్నొద్దని సెప్పిండా లేదా? ఇన్పియ్యలేదా నీకు?"

ఇదిగో, ఇక్కడ మాత్రం చట్టం గురించి మాట్లాడటానికి ఎంత సరదా పడినా నోరు రాదు. వాడు గొంతెత్తి ఏడ్చినా బాగుండేది. డాడీ దగ్గర చప్పుడు చేయకూడదన్న అలవాటు కొద్దీ, చప్పుడు లేకుండా ఏడ్చాడు.

విక్టోరియా వాడి కళ్లు తుడిచి పౌడర్ అద్దింది. మరకలు కనబడకుండా చేతులెక్కడ పెట్టుకోవాలో బసవరాజు చెప్పాడు. "ఇగ నవ్వు బాబూ. ఏదీ, పండ్లు సూపియ్యి." హెన్రీ పళ్లు చూపించాడు. బంతి మీద కాలు పెట్టాడు. ఈసారి తన్నలేదు. క్లిక్! "సూపర్!" అన్నాడు బసవరాజు. కాసేపటికి వెలుతురు పోయింది, వాచ్‌మన్ విజిల్ ఊదాడు. హెన్రీ తన ఎర్ర బంతి తాను తీసుకుని ఆటో ఎక్కాడు. ఆడుదామని ఇంక అడగలేదు.

కొన్నాళ్లకు మొగుడూ పెళ్లాలు ఫోటోలు చూడటానికి ఉప్పల్‌లో బసవరాజు స్టూడియోకు పోయారు. కంప్యూటర్ తెర మీద కుటుంబం ధగధగలాడుతోంది. కాగితంపూల పొద లేదు, దాని స్థానంలో మంచు కొండలున్నాయి. పీటర్ కళ్ల ఎరుపు పోయింది. పీటర్ తెరకు దగ్గరగా వంగి చూశాడు.

"బురద మరకలుండె గద, అవేవి?"

"మరకలదేముందన్నా! మౌస్ గిట్ల తిప్పితే పాయె. గదొక పనే గాదు మాకు."

పీటర్ ఆనాడు కొడుకు వీపు మీద వేసిన చెయ్యి చూసుకున్నాడు. తెప్పించిన టీ చల్లారిపోయింది. విక్టోరియా కూడా తెర వైపు చూడలేక కొంగు కొస వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

క్యాలెండర్ అచ్చయింది. కొత్త సంవత్సరం మొదటి ఆదివారం చర్చిలో అందరికీ పంచారు. అరుణకుమారి స్వయంగా పీటర్ దగ్గరికి వచ్చింది.

"వందనాలు బ్రదర్. నైట్ డ్యూటీ చేస్కుంట గూడ పిల్లలను గింత మంచిగ ఆడిపిస్తున్నరంటే మస్తు గొప్ప. మా ఆయనకు సూపెట్టిన, జర నేర్సుకొమ్మని."

పీటర్ వందనాలు చెప్పి తల దించుకున్నాడు. చూశారా మరి! ఒక్క పూట కూడా ఆడకుండానే, ఏడాది పొడుగునా ఊరందరి గోడల మీద కొడుకుతో ఆడుతూ ఉండే భాగ్యం మరే ఉపాయంతో దొరుకుతుంది?

ఆ మధ్యాహ్నం అన్నం తినగానే పీటర్ కొడుకును లేపి నిలబెట్టాడు. విక్టోరియానే వాడికి వెలిసిపోయిన నిక్కరు తొడిగింది. "పొండ్రి, ఎంత మట్టైనా నేనే ఉతుక్కుంట" అంది. ఇంటి వెనక ఖాళీ ప్లాటులోకి పోయారు తండ్రీ కొడుకులు. పీటర్ బంతి దొర్లించాడు.

"తన్ను బిడ్డా! నీ బలమంత వెట్టి తన్ను!"

హెన్రీ బంతిని ఆపాడు. దాని మీద కాలు పెట్టాడు. మెడ ఒక పక్కకు వంచి, పళ్లు కనబడేలా నవ్వి, అలాగే ఉండిపోయాడు.

"తన్నురా!"

"తన్నితే ఫోటో ఖరాబైతది డాడీ" అన్నాడు, పెదాలు కదపకుండా.

"ఫోటో లేదు బిడ్డా. గా అంకుల్ రాలే. సూడు, ఎవ్వరు లేరు."

హెన్రీ మెడ తిప్పలేదు. కళ్లు మాత్రం తిప్పి గోడ వైపు చూశాడు, కంప చెట్ల వెనక చూశాడు, మళ్లీ గోడ వైపు చూశాడు. పీటర్ వాడి ముందు మోకాళ్ల మీద కూర్చుని బతిమాలాడు. వాడు నమ్మేసరికి, బంతి కనబడనంత చీకటి పడింది.