పార్టిషన్ చేయాల్సిందే

జమ్మలమడుగు మిషన్ బడిలో కంప్యూటర్ పాఠాలు చెప్పే జయరాజు ఆ శనివారానికి ఒక్కటే పని పెట్టుకున్నాడు. ముద్దనూరు దారిలో ఉన్న పార్టీ నాయకుడు ఓబులంరెడ్డి ఇంటికి వెళ్లి, ఆయన కంప్యూటర్‌లో కొత్త ఆపరేటింగ్ సిస్టం ఎక్కించి, మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరాలి. గండికోట దగ్గర పల్లె బడిలో టీచరుగా ఉన్న భార్య కరుణమ్మను జమ్మలమడుగుకు బదిలీ చేయించమని, వీలు చూసి ఆ పెద్దమనిషిని అడగాలి. ఆయన ఒక్క చీటీ రాస్తే చాలు.

ఎన్నికలకు ఇంకా ఇరవై రోజులున్నాయి. ఓబులంరెడ్డి పార్టీ ఓటర్ల జాబితా ఆ కంప్యూటర్‌లోనే ఉంది. ఎవరో తెచ్చిన పెన్‌డ్రైవ్‌తో వైరస్ చేరి, సగం పేర్లు గుర్తుపట్టలేని గీతలైపోయాయి. అది ఎదుటి పార్టీ పనేనని నమ్మిన ఆయన, ఎవరూ చొరబడలేని సిస్టం కావాలన్నాడు. పులివెందులలో ఇంజనీరింగ్ చదువుతూ సెలవుకు ఇంటికొచ్చిన కూతురు భార్గవి కోడింగ్‌కు లినక్స్ అనే సిస్టం కావాలంది. ఓబులంరెడ్డి తమ్ముడు చెన్నారెడ్డి మాత్రం తన కారు పందెం ఆట పోకూడదన్నాడు. ఆయనకు నలభై రెండేళ్లు. అన్న కక్షల్లో తానూ ఇరుక్కుని, కాపలాకు ముందొక జీపు, వెనకొక జీపు లేకుండా పదకొండేళ్లుగా గడప దాటలేదు. తెర మీద మాత్రం ఒంటరిగా బండి తోలుకునేవాడు.

ముగ్గురికీ కుదిరే సిస్టం జయరాజుకు దొరకలేదు. ఒకటి భద్రమే గానీ అందులో ఆట తెరుచుకోదు. ఇంకొకదానిలో ఆట తెరుచుకున్నా ప్రింటర్ పలకదు. చివరికి డిస్కును రెండు భాగాలు చేసి, ఒకదానిలో లినక్స్ ఎక్కించి, రెండోదానిలో ఆట కోసం పాత సిస్టమే ఉంచుదామనుకున్నాడు. వసారాలోకి వచ్చి, ప్రొద్దుటూరులో కంప్యూటర్ల అంగడి నడిపే వలి బాషాకు ఫోన్ చేశాడు.

"బాషా అన్నా, పార్టిషన్ చేయాల్సిందే. పెద్ద భాగం రెడ్డిది. తమ్మునికి మూలన కొంచెం పెడతాండా, ఆయప్పకు అంతే చాలు. ఇంట్లో ఇంకా చెప్పలేదులే. చెప్పినా అర్థం గాదు. చేసేసినాక చూపిస్తా."

వంటింటి కిటికీ దగ్గర బియ్యం ఏరుతున్న చెన్నారెడ్డి భార్య పార్వతమ్మ ఈ మాటలన్నీ విన్నది. పొలాలున్న ఇంట్లో పార్టిషన్ అంటే ఒకటే అర్థం, ఆస్తి పంపకం. చేట దించి నేరుగా భర్త దగ్గరకు వెళ్లింది. చెన్నారెడ్డి అన్నను ఏమీ అడగకుండా, ప్రొద్దుటూరులో లాయరుకు కబురు పెట్టాడు. లాయరు బయల్దేరేముందు ఎవరి చెవిన వేశాడో గానీ, అరగంటకల్లా తొండూరు నుంచి ఎదుటి పార్టీ నాయకుడు ఫోన్ చేసి, చెన్నారెడ్డికి తమ పార్టీలో మంచి స్థానం ఉంటుందన్నాడు. అంతవరకూ ఒకే మంచం మీద పేకాడుతున్న జీపుల మనుషులు ముక్కలు కింద పడేసి, సగం మంది ఒక జీపు దగ్గర, సగం మంది ఇంకో జీపు దగ్గర నిలబడ్డారు.

ఇదేమీ తెలియని జయరాజు తెర మీద నలభై శాతం అన్న అంకెను చూస్తూ కూర్చున్నాడు. జీపుల మనుషుల నోట సంగతి విన్న ఓబులంరెడ్డి లోపలికి వచ్చాడు. వెనక వచ్చినవాడు తలుపు గడియ పెట్టాడు.

"పార్టిషన్ చేయమని నీకు ఎవురు చెప్పినారు?"

"ఎవురూ చెప్పలేదు సార్. అదే మంచిదని నాకే అనిపించింది."

"నా తమ్మునికి మూలన ఇచ్చినావంట."

"తక్కువైతే పెంచుతా సార్. ఇంకా సగం పనే అయింది."

గడియ పెట్టినవాడు తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. జయరాజు కరుణమ్మ బదిలీ సంగతి వదిలేసి, ఆమెను ఇంకొక్కసారి చూడనిమ్మని ప్రభువును వేడుకున్నాడు.

పక్క గదిలో ఈ మాటలు విన్న భార్గవి వచ్చి తలుపు తట్టింది. తండ్రిని తెర ముందు కూర్చోబెట్టి, డిస్కు అంటే ఏమిటో, దాని భాగాలేమిటో ఓపికగా చెప్పింది. ఓబులంరెడ్డి తెర మీది రెండు రంగుల పట్టీలను వంగి చూశాడు. తర్వాత కళ్లు తుడుచుకునేంతగా నవ్వి, జయరాజు భుజం మీద చెయ్యేసి తమ్ముడి గదికి నడిచాడు. అప్పటికే అక్కడ లాయరు కాగితాలు పరిచాడు.

"ఒరే చెన్నా, అది కంప్యూటర్‌లో పార్టిషనంటరా. పాప చూపించింది."

చెన్నారెడ్డి తలెత్తలేదు. "తెలుసన్నా. గంట కిందనే బాషాకు ఫోన్ చేసి కనుక్కున్నా."

"మల్ల ఈ లాయరు ఎందుకురా?"

"ఈ మాట నిన్ను అడగాలని పదకొండేండ్లుగా చూస్తాండా. ఎట్ల మొదలుపెట్టాల్నో తెలీలేదు. ఈ పొద్దు దానంతటదే మొదలైంది." కాగితాలు అన్న వైపు జరిపి, "నీ పార్టీ, నీ కేసులు నువ్వే పెట్టుకో. తొండూరోళ్ల పార్టీ కూడా నాకొద్దు. ఒక్కన్నే బండి తోలుకుని ప్రొద్దుటూరుకు పోయి, టీ తాగి రావాలని ఉందన్నా నాకు" అన్నాడు.

ఓబులంరెడ్డి నవ్వు ఆగిపోయింది. లాయరును పెన్ను అడిగాడు.

సాయంత్రానికి పొలాలు, బావులు, ఎద్దులు, జీపులు అన్నీ రెండు వాటాలుగా కాగితం మీదికి ఎక్కాయి. పార్వతమ్మ ఏడుస్తూ సామాన్లు సర్దింది. జయరాజు బదిలీ మాట ఎత్తలేదు. ఇలా చీలిన ఇంటి సిఫారసు ఏ ఆఫీసులోనూ చెల్లదని అతనికి తెలుసు. ఇంటికి పోదామన్నా, పని మధ్యలో వదిలేశాడంటారని భయపడి, మళ్లీ తెర ముందే కూర్చున్నాడు.

ఐదింటికి కంప్యూటర్ ఏ లోపమూ లేకుండా తెరుచుకుని, యజమాని పేరేమిటని అడిగింది.