సైకిల్ మీద లేని మనిషి

చేవెళ్ల దాటిన నాలుగో కిలోమీటరు దగ్గర సుధీంద్ర తన సైకిల్ మీద లేకుండా పోయాడు. పడలేదు, దిగలేదు. అంతవరకూ ఉన్నాడు, తరవాత లేడు, అంతే. సైకిల్ మాత్రం గంటకి ఇరవై ఆరు కిలోమీటర్ల స్పీడు తగ్గించకుండా, గుంపులో తన వరస తప్పకుండా ముందుకెళ్లిపోయింది. పద్నాలుగు సైకిళ్లు ఉండాలి, పద్నాలుగూ ఉన్నాయి. కాబట్టి ఎవరూ ఆగలేదు.

సుధీంద్ర పత్తిచేను గట్టు మీద హెల్మెట్‌తో, గ్లౌజులతో, వెనక మెత్త కుట్టిన నిక్కరుతో నిలబడి ఉన్నాడు. అతనికి ముందు భయం వెయ్యలేదు, అనుమానం వచ్చింది. ఇది జగదీశ్వర్ పనే అనుకున్నాడు. జగదీశ్వర్ పక్క ఫ్లాటాయన. పోయిన నెల సుధీంద్ర స్పీడు తన స్పీడు కన్నా సున్నా పాయింట్ మూడు ఎక్కువొచ్చిందని తెలిసిన దగ్గర్నించీ లిఫ్ట్‌లో మొహం తిప్పుకుంటున్నాడు.

గట్టు కింద సీతాఫలాల గంప పెట్టుకుని ఒక ముసలావిడ కూర్చుంది.

"నీ సైకిల్ పోయింది సారూ," అంది.

"చూశాను."

"పోయిన ఐతారం గూడ ఒకాయన గిట్లనే నిలబడ్డడు."

"ఏమయ్యాడు?"

"ఏమైతడు? అటిటు జూసిండు, ట్రాక్టరెక్కి పోయిండు."

ఈవిడకి ఇంత బాగా ఎలా తెలుసు అని సుధీంద్ర ఆమెనీ అనుమానించాడు. తరవాత ట్రాక్టరెక్కాడు. వేరే దారి లేదు. ఇవాళ్టిది రెండొందల కిలోమీటర్ల రైడు, పదమూడున్నర గంటల్లో పూర్తి చెయ్యాలి. దారిలో క్లబ్బు వాళ్లు బల్లేసుకుని కూర్చున్న చోటల్లా కార్డు మీద ముద్ర వేయించుకోవాలి. ఈ ఏడాదికి ఇది నాలుగోది, ఆఖరిది. నాలుగూ అయితేనే పెద్ద మెడల్. ఆ మెడల్ వస్తుందని సుధీంద్ర ఆఫీసులో ఇప్పటికే పదకొండు మందికి చెప్పేశాడు.

పరిగిలో ముద్ర వేసే బల్ల ఒక హోటల్ ముందుంది. సుధీంద్ర ట్రాక్టర్ దిగేసరికి గుంపంతా టిఫిన్ చేస్తోంది. అతని సైకిల్ గోడకి ఆనుకుని ఉంది, దాని ముందు ఇడ్లీ ప్లేటుంది. జగదీశ్వర్ చట్నీ గిన్నె దాని వైపు జరిపి, "వేసుకోండి, మొహమాటపడకండి" అంటున్నాడు.

ముద్రలు వేసేది క్లబ్బు కెప్టెన్ భాస్కరాచారి. పాలిటెక్నిక్‌లో లెక్చరర్‌గా చేసి రిటైరైన మనిషి.

"ఆచారి గారూ, నా సైకిల్ నేను లేకుండా వచ్చేసిందండీ."

"ఎవరి సైకిల్?"

"సుధీంద్ర. నేనే."

భాస్కరాచారి కాగితం చూశాడు. "సుధీంద్ర గారు తొమ్మిదీ పదికే వచ్చారు. ముద్ర కూడా పడింది."

"మూడేళ్లుగా కలిసి తొక్కుతున్నాం కదండీ!"

"అదే నేనూ అంటున్నా. మూడేళ్లుగా ఆయన వెనకాలే తొక్కుతున్నా. ఆయన వీపు నాకు బాగా తెలుసు. మీ మొహమే కొత్తగా ఉంది."

సుధీంద్ర వెనక్కి తిరిగి నిలబడ్డాడు. జగదీశ్వర్ చెయ్యి కడుక్కుని వచ్చి, కళ్లద్దాలు సర్దుకుని చూశాడు.

"పోలిక లేదనను," అన్నాడు. "కానీ సుధీంద్ర గారి వీపులో కాస్త స్పీడుంటుంది."

"మా ఇంట్లో అడగండి," అన్నాడు సుధీంద్ర. అతని ఫోన్ సైకిల్ హ్యాండిల్‌కే ఉండిపోయింది కాబట్టి, భాస్కరాచారే తన ఫోన్‌లో సుధీంద్ర భార్య ఇందుమతికి కలిపి స్పీకర్ పెట్టాడు.

"ఆయన పరిగిలో ఇడ్లీ తింటున్నారు కదా," అంది ఇందుమతి. "ఇప్పుడే ఫోటో పెట్టారు. ఈయనెవరు?"

"ఇందూ, నేనే!"

"నేనే అంటే ఎలా అండీ? ఈమధ్య గొంతులు కూడా మార్చి మాట్లాడుతున్నారు. సరే, మా ఆయనే అయితే చెప్పండి. అమ్మాయి ఇంటర్‌లో ఏ గ్రూపు?"

సుధీంద్ర ఆలోచించాడు. పోయిన పన్నెండు వారాలూ తన గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుందో వారం వారీగా గుర్తొచ్చింది.

"ఎంపీసీ," అన్నాడు.

"బైపీసీ. జూన్ నించీ. నిజం చెప్పాలంటే మా ఆయన కూడా ఎంపీసీ అనే అనేవారు. అయినా ఎందుకొచ్చిన రిస్కు? కుక్కర్ పెట్టాను, ఉంటానండీ."

భాస్కరాచారి ఫోన్ జేబులో పెట్టుకుని గొంతు తగ్గించాడు. "ఇక్కడికెలా వచ్చారు?"

"ట్రాక్టర్ మీద."

"చూడండి మరి. మీరే సుధీంద్ర అనుకుందాం. అప్పుడు సుధీంద్ర ట్రాక్టరెక్కి వచ్చినట్టు. కార్డు కొట్టెయ్యాలి. నాలుగో రైడ్ పోయినట్టే, మెడల్ లేనట్టే. అదే మీరు ఆయన కాకపోతే ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. ఆలోచించుకోండి, తొందరేం లేదు. ఐదు నిమిషాల్లో బయల్దేరుతున్నాం."

ఆ గొంతులో మర్యాద సుధీంద్రకి కొత్త కాదు. అతను పెన్షన్ల సెక్షన్లో సూపరింటెండెంటు. బతికున్నట్టు సర్టిఫికెట్ తేకుండా వచ్చి కౌంటర్ ముందు నిలబడ్డ ముసలివాళ్లతో తనూ అంత మర్యాదగానే మాట్లాడతాడు.

ఆయన కానని ఒప్పుకోడానికి క్లబ్బు వాళ్ల దగ్గర ఒక ఫారం ఉంది, జిరాక్సు కాపీ. కింద సంతకం చేసిన నేను ఫలానా రైడర్‌ని కానని, ఇకముందు కూడా అలా చెప్పుకోనని, ఇద్దరు సాక్షులు. భాస్కరాచారి దాన్ని ఒక లావుపాటి ఫైల్లోంచి తీశాడు. అందులో నింపిన ఫారాలు చాలానే ఉన్నాయి. సుధీంద్ర పేర్లు చదవబోతే ఫైలు బోర్లా పెట్టేశాడు.

"సంతకం ఏ పేరుతో పెట్టాలి?"

"మీ ఇష్టం. ఆ పేరు తప్ప."

సుధీంద్ర మెడల్ గురించి ఆలోచించాడు. ఆఫీసులో ఆ పదకొండు మంది గురించి ఆలోచించాడు. ఎవరికీ అర్థం కాని గీత ఒకటి గీశాడు. జగదీశ్వర్ సాక్షి సంతకం చకచకా పెట్టేశాడు. మరీ అంత చకచకా ఎందుకు పెట్టాడా అని అనుమానం వచ్చింది గానీ, ఆ అనుమానం ఇప్పుడు ఏ హోదాలో పడాలో తెలీలేదు.

వెనకాల వచ్చే వ్యాన్లో అతనికి అరటిపళ్లు అందించే పనిచ్చారు. వ్యాన్లో అప్పటికే ముగ్గురున్నారు. ముగ్గురివీ మెత్త కుట్టిన నిక్కర్లే. ఒకరినొకరు ఓరగా చూసుకుంటున్నారు తప్ప పేర్లు అడగట్లేదు. సుధీంద్ర కూడా అడగలేదు.

కొడంగల్ దాకా రెండు పక్కలా కంది చేలు, జొన్న చేలు, ఎర్రమట్టి. ఈ రోడ్డు మీద అతను ఆరుసార్లు తొక్కాడు. చేలున్నాయని ఇప్పుడే తెలిసింది. ఎదురుగాలి వీస్తోంది. ముందు అతని సైకిల్ హాయిగా వెళుతోంది. మోకాలు నొప్పనట్లేదు, ఎత్తు రాగానే ఎవరినీ తిట్టుకోవట్లేదు, జగదీశ్వర్‌కి దారి కూడా ఇస్తోంది. అందరూ దానితో నవ్వుతూ మాట్లాడుతున్నారు. తను ఉన్నప్పుడు ఇంత నవ్వినట్టు సుధీంద్రకి గుర్తులేదు.

సాయంత్రం కాలనీ కమ్యూనిటీ హాల్లో మెడల్స్ ఇచ్చారు. ఇందుమతి కూతుర్ని తీసుకుని వచ్చింది. సుధీంద్ర గారి పేరు పిలవగానే భాస్కరాచారి మెడల్ తీసి హ్యాండిల్‌కి వేశాడు. హాలంతా చప్పట్లు కొట్టారు. సుధీంద్ర అరటిపళ్ల పెట్టె కింద పెట్టి తనూ కొట్టాడు. ఇందుమతి సీటు మీద చెయ్యేసి ఫోటో దిగింది. కూతురు ఆ మధ్య ఎప్పుడూ లేనంత దగ్గరగా నిలబడి బెల్లు కొట్టింది.

ఫోటో అయ్యాక ఇందుమతి అతని దగ్గరికొచ్చింది.

"మీరు వ్యాన్లో వచ్చారా అండీ? ఆయన దారిలో నీళ్లేమైనా తాగారా?"

"ఏమీ తాగలేదండీ. కాస్త చూసుకోండి."

"మీకు ఆయన బాగా తెలుసా?"

సుధీంద్ర నిజాయితీగా ఆలోచించాడు.

"పెద్దగా తెలీదండీ. ఎప్పుడూ ఏదో హడావిడిలో ఉంటారు."

"మాకూ అంతేనండీ," అంది ఇందుమతి. సైకిల్‌ని మెల్లగా, గోడకి తగలకుండా నడిపించుకుంటూ లిఫ్ట్ వైపు తీసుకెళ్లిపోయింది.